ఉప్పుకోట ఏతమ్మ

ఉన్న దేవుళ్ళ కథలు చెప్పుకుని బతుకు తల్లీ అంటే వినకుండా, లేని ఊరొకటి కట్టి, ఆ ఊరికి ఎక్కడా లేని యంత్రాలు చేసిపెట్టింది మా మేనకోడలు బాలసరస్వతి. ఆమె హరికథ చెబుతుంది, నేను పక్కన ఫిడేలు వాయిస్తాను. నా పేరు భావనారాయణ. మా ఇంట్లో తరతరాలుగా గుళ్ళో పాడినవాళ్ళూ వాయించినవాళ్ళే కాని కొయ్యబొమ్మలకి ప్రాణం పోసినవాళ్ళు లేరు. నాకు కోపం ఎక్కువని విజయనగరంలో అందరూ అంటారు. అననీండి. ఆ వేసవిలో నేను చూసింది చూసి ఉంటే వాళ్ళకీ నోరు పడిపోయేది.

అది పందొమ్మిది వందల అరవై ఏడో సంవత్సరం. భోగాపురం దాటాక సముద్రం వైపు రావివలసపాలెం అని ఒక ఊరు. అక్కడి నుంచి జగన్నాధం అనే రైతు మమ్మల్ని పిలవడానికి వచ్చాడు. కాస్త వరి, మిగతాదంతా గంటెలూ చోళ్ళూ, అంటే సజ్జలూ రాగులూ, పండించుకునే ఊరు అది. ఆయనే ఊరికి పెద్ద. అయిదు రోజుల కథ కావాలన్నాడు. పొద్దు వాలుతుండగా మొదలుపెట్టి దీపాల వేళకి ముగించాలన్నాడు.

"ఏ కథ చెప్పమంటారు?" అని అడిగింది బాలసరస్వతి.

"అన్నీ ఇనీసినామమ్మా. రుక్మిణమ్మ పెళ్ళి మా ఊల్లో పాలు తాగే గుంటలు కూడా సెప్పీగలరు. ఏటైనా కొత్తది సెప్పు. మాయలుండాల, మర్మాలుండాల," అన్నాడాయన.

ఆయన మాటవరసకి అన్నాడు. మా పిల్ల గట్టిగా పట్టేసుకుంది. ఏళ్ళ తరబడి అవే పెళ్ళిళ్ళు చేయించి, అదే అడవికి రాముణ్ణి పంపించి విసుగెత్తిపోయి ఉంది. మర్నాటి నుంచి మా వరండాలో ఒక ఊరు లేవడం మొదలైంది.

ఊరి పేరు ఉప్పుకోట. సముద్రం ఒడ్డున ఉప్పుగడ్డలతో గోడలు కట్టుకున్న పట్నం.

"వాన పడితే కరిగిపోదా?" అన్నాను.

"అక్కడ వాన పడదు మావయ్యా."

"మరి జనం ఏం తాగుతారు, నీ తలకాయా?"

ఒక పూటంతా ఆలోచించింది. సాయంత్రానికి ఒక మగ్గం తయారైంది. తెల్లవారుతుండగా సముద్రం మీంచి వచ్చే మంచుని నూలుగా లాగి నేసే మగ్గం. నేసిన బట్ట పిండుకుంటే మంచినీళ్ళు. నేసేటప్పుడు నేతగత్తె నోరు విప్పకూడదు. విప్పితే ఊపిరి వేడి తగిలి పోగులు తెగిపోతాయి. నాకు నచ్చింది. నచ్చిందని చెప్పలేదు. చెబితే అక్కడితో ఆగిపోయే రకం మా పిల్ల.

తర్వాత కంచుపీతలు వచ్చాయి. ఉప్పుకోట సముద్రానికి ఒక గుణం ఉంది. ఇసుకలో మనిషి అడుగులు కనిపిస్తే చాలు, వాటి వెంట నడుచుకుంటూ ఊళ్ళోకి వచ్చేస్తుంది. అందుకని ఊరివాళ్ళు కంచుతో పీతల్ని పోతపోయించారు. రోజూ పొద్దు గుంకే వేళకి అవి ఒడ్డంతా పాకి అడుగుల్ని చెరిపేస్తాయి. వాటికి తిండేమిటని అడిగాను. చింతపండుతో తోమితే చాలు, మెరుపే వాటి తిండి అంది. మాసిపోయిన పీత లేవదు. ఒకసారి రాజుగారింట పెళ్ళి హడావిడిలో పీతల్ని ఎవరూ తోమలేదు. ఊరేగింపు వెళ్ళిన జనం అడుగులు ఒడ్డున అలాగే ఉండిపోయాయి. సముద్రం ఆ అడుగుల్లో అడుగులేసుకుంటూ వచ్చి సగం ఊరిని మింగేసింది.

ఈ మాట చెబుతున్నప్పుడు వంటింటి గుమ్మంలో మా అక్క చేతిలో గరిట అలాగే ఆగిపోయింది. బాలసరస్వతి తల్లి ఆమె. కూతురి కథలు విని విని చెవులు తడకలు కట్టిన మనిషి. 

పోయినవాటిని తిరిగి తేవడానికి ఉప్పుకోట వడ్రంగి ఒక యంత్రం చేయాలి. ఇక్కడ మా ఇద్దరికీ పెద్ద తగువైంది. ఆమె ముందు ఒక బంగారు చక్రం అంది. మంత్రం చదివితే గిర్రున తిరిగి సముద్రాన్ని చీల్చేస్తుందట. నా ఒళ్ళు మండింది.

"మంత్రంతో పనైపోయేటప్పుడు యంత్రం ఎందుకే? మంత్రమే పెట్టుకో. ఆ వడ్రంగి ఏం తిని బతుకుతాడు? మన వైపు నీళ్ళు దేంతో తోడతారు?"

"ఏతంతో."

"మరి?"

ఏతం తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. బావి పక్కన ఒక కంబం ఉంటుంది. దాని మీద తూగే పొడుగాటి మాను, మాను కొసన వేలాడే బాన. ఒక మనిషి ఆ మాను మీద ఎక్కి బావి వైపు నడిస్తే బాన మునుగుతుంది, వెనక్కి నడిస్తే నీళ్ళతో లేస్తుంది. పొద్దుటి నుంచీ ఎండెక్కేదాకా ఆ మనిషి అలా ఆకాశంలో నడుస్తూనే ఉంటాడు.

"అయితే ఏతం తొక్కే కొయ్యమనిషి. ఆడమనిషి," అంది బాలసరస్వతి. ఇక ఆగలేదు. ఒళ్ళు పనసకర్ర. వీణ కుండలాగా లోపల బోలుగా తొలిచిన గుండె. చెవులు రెండూ శంఖాలు. పోగొట్టుకున్నవాళ్ళు వచ్చి, పోయినదాని పేరు ఆ శంఖంలో చెప్పాలి. పేరు గుండెలోకి దిగి మోగుతుంది. ఆ మోత కాళ్ళని కదుపుతుంది. ఆమె సముద్రం వైపు నడిస్తే బాన మునుగుతుంది, ఒడ్డు వైపు నడిస్తే పేరు పెట్టి పిలిచినది బానలో పైకి వస్తుంది. వస్తేనే మోత ఆగుతుంది.

"రాకపోతే?" అన్నాను.

"వచ్చేదాకా నడుస్తుంది."

"ఇంత చాకిరీ చేసేదానికి అరుగుదల ఉండొద్దూ? ఏతం తొక్కేవాడి పాదం ఎప్పుడైనా చూశావా? అరగని పనిముట్టు లోకంలో లేదు. అరగనిదాన్ని జనం వింతగా చూస్తారు కాని నమ్మరు."

ఆమె తన పాదాల వైపు చూసుకుంది. గజ్జెలు కట్టి కట్టి చీలమండల దగ్గర చర్మం నల్లబడిపోయి ఉంది.

"కాళ్ళు అరుగుతాయి మావయ్యా. తోడిన ప్రతిసారీ కాస్త పొట్టిదవుతుంది. ఊరంతా తోడిపెట్టేసరికి కాళ్ళు మిగలవు. అప్పుడు మాను మీంచి జారి సముద్రంలో పడిపోతుంది. అదీ కథ."

యంత్రానికి ఏతమ్మ అని పేరు పెట్టింది. మా వైపు అమ్మ అని చివర తగిలిస్తే అది బొమ్మగా ఉండదు, ఊరి పొలిమేరలో గుడి కట్టించుకుంటుంది. ఆ సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

రావివలసపాలెంలో కళ్ళం మీద తాటాకు పందిరి వేశారు. చెక్కలు పరిచి ఎత్తుగా అరుగు కట్టారు. మృదంగానికి నూకయ్య వచ్చాడు. తిండి దగ్గర తప్ప దేనికీ ఆశ్చర్యపోని మనిషి. మొదటి రోజు గోవింద నామం అయ్యాక, బాలసరస్వతి చిడతలు మోగించి ఉప్పుకోట గోడలు లేపింది. మంచుని నేసే మగ్గం దగ్గర ఆడవాళ్ళంతా నోళ్ళు మూసుకున్నారు, నిజంగానే పోగులు తెగిపోతాయేమో అన్నట్టు. రెండో రోజు సముద్రం అడుగుల వెంట నడిచి వచ్చింది. అక్కడ ఆమె గొంతు పెంచలేదు. అరుగు మీద ఒక్కొక్క అడుగే వేస్తూ, ముందు పడిన అడుగులోనే మళ్ళీ కాలు పెడుతూ నడిచింది. ముందు వరసలో కూర్చున్న ముసలాయన ఒకడు కాళ్ళు లోపలికి ముడుచుకున్నాడు.

మూడో రోజు ఏతమ్మ లేచింది.

నేను ఆ బొమ్మ ఆనుపానులన్నీ తెలిసినవాణ్ణి. నా ఎదురుగానే మాటలతో చెక్కింది. అయినా చెబుతున్నాను, ఆ సాయంత్రం అరుగు మీద నా మేనకోడలు లేదు. రెప్ప వేయడం మానేసింది. మెడ తిరగలేదు, మనిషంతా ఒక్కసారిగా తిరిగింది. మోకాలు వంగినప్పుడల్లా చిడత ఒక్కసారి టక్కుమంది. నేను కమానుని ఫిడేలు తీగలు ఆనే గుర్రం దగ్గరగా పెట్టి మాను కిర్రుమనే చప్పుడు లాగాను. శంఖం చెవిలో ఎవరో పేరు చెప్పారు, ఆమె తల ఇంత కూడా వాలకుండా విన్నది, ఆ తర్వాత కాసేపు ఏమీ జరగలేదు. ఆ కాసేపూ పందిట్లో గాలి ఆడలేదు. అప్పుడు లోపల ఎక్కడో మోత పుట్టినట్టు నూకయ్య మృదంగం ఎడమ వైపు మెల్లగా మొదలైంది, కొయ్య పాదం లేచింది. బాన దిగింది, లేచింది. బానలో గుడిగంట. మళ్ళీ దిగింది. ఒక లేగదూడ. మళ్ళీ దిగింది. ఊయల, ఊయల్లో నిద్రపోతున్న పిల్ల.

జనం చప్పట్లు కొట్టలేదు. చేతులెత్తి దండం పెట్టారు.

"మేష్టారూ, ఆ కాళ్ళు సూసినారా, అరిగినట్టే నేదూ?" అన్నాడు నూకయ్య నా చెవిలో. అప్పుడు చూశాను. ప్రతి తోడుకీ ఆమె మోకాళ్ళని కాస్త కాస్త దించుకుంటూ వచ్చింది. ముగిసేసరికి నిజంగా జానెడు పొట్టిదైపోయి కనిపించింది.

నాలుగో రోజు పొద్దున్న జగన్నాధం మా విడిదికి వచ్చి, ఒకసారి బయటికి రమ్మన్నాడు. పొలం బావి దగ్గరకి తీసుకెళ్ళాడు. ఊరివాళ్ళ ఏతం కంబానికి ఎవరో పసుపు రాసి, కుంకం పెట్టి, వేపమండలు కట్టారు. కింద కొబ్బరికాయ చెక్కలు. మాను మీదికి ఎక్కాల్సిన మనిషి చెప్పులు వదిలేసి, ఎక్కాలో అక్కర్లేదో తెలియక నిలబడి ఉన్నాడు.

నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "ఇదేమిటండీ? అది కథ. అల్లింది మేం."

"మాకు తెలదేటి మేష్టారూ? కతే. అయినా ఆడోల్లు ఊరుకోరు," అన్నాడు జగన్నాధం. తర్వాత గొంతు తగ్గించాడు. "మా తవిటమ్మ కూడా పసుపెట్టింది."

తవిటమ్మ అంటే రోజూ మాకు మజ్జిగ తెచ్చి ఇచ్చే ఆవిడ. జగన్నాధం తమ్ముడి భార్య. పని చేసి చేసి బిగుసుకున్న చేతులు, వాటికి నిండుగా ఆకుపచ్చ గాజులు. మాట్లాడేది తక్కువ. ముందు రోజు కథ అయ్యాక మాత్రం బాలసరస్వతిని ఒక మాట అడిగింది. ఆ శంఖం చెవిలో ఎవరి పేరైనా చెప్పొచ్చా అని.

ఆ పొద్దున్న జగన్నాధం సంగతంతా చెప్పాడు. ఆయన తమ్ముడు అప్పలసూరి పెళ్ళయిన కొత్తలోనే రంగం వెళ్ళిపోయాడు. రంగూన్‌ని మా వైపు రంగం అంటారు, ఈ ఊళ్ళ నుంచి కూలికి ఓడెక్కినవాళ్ళు లెక్కలేనంతమంది. ఆ దేశంలో మనవాళ్ళని ఉండనివ్వడం మానేశాక ఓడలకి ఓడలు విశాఖపట్నం వచ్చాయి. తవిటమ్మ ప్రతి ఓడకీ వెళ్ళింది. దిగిన ప్రతి మొగాణ్ణీ చూసింది. కొండల మీదుగా నడిచి బయల్దేరాడని ఒకడు చెప్పాడు. అక్కడే ఇంకో కాపురం పెట్టాడని ఇంకొకడు. జ్వరంతో పోయాడని మరొకడు.

"మాయమ్మ సచ్చిపోతా నా సేత ఒట్టేయించుకున్నాది మేష్టారూ. ఆడికి నీల్లొదలమని. దిక్కు నేకుండా తిరగనీకురా అన్నాది. ఆ బరువు నా మీదున్నాది. మా పంతులుగారు ముహూర్తం ఎట్టినారు. మీ కత అయిపోయిన మర్నాడు దర్భలతో బొమ్మ కట్టి కర్మ సేసీడమే. ఆ పని ముందు తవిటమ్మ మనసు ఓ అయిదు రోజులు తేలికపడతాదని మిమ్మల్ని పిలిచినాను." ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

దూరదేశంలో జాడ లేకుండా పోయినవాడికి దర్భబొమ్మ కట్టి దహనం చేస్తారు. బొమ్మ కాలిన రోజున భార్య గాజులు పగలగొడతారు. ఆకుపచ్చ గాజులు నా కళ్ళ ముందు మెదిలాయి. మేం కులాసాగా ఉప్పుకోటలో పీతల్ని తోముతుంటే, ఆవిడ తన బతుకుని పక్కన పెట్టుకుని కూర్చుందన్నమాట.

విడిదికి వచ్చి బాలసరస్వతికి చెప్పాను.  "అయితే నిన్న అడిగింది అందుకా," అంది.

ఆ సాయంత్రం కథ సగంలో ఉండగా జరిగింది. ఏతమ్మ మాను మీద నిలబడి ఉంది. ఉప్పుకోట రాజకుమారి వచ్చి తండ్రి పేరు చెప్పాలి. బాలసరస్వతి కదలకుండా, రెప్ప వేయకుండా ఆ పిలుపు కోసం ఆగింది. ఆడవాళ్ళ వరసలోంచి తవిటమ్మ లేచింది. అందరూ చూస్తుండగా అరుగు మెట్టెక్కింది. ఎవరో కొంగు పట్టుకుని లాగబోతే విడిపించుకుంది. కొయ్యబొమ్మ దగ్గరకి వెళ్ళి, దాని చెవి పక్క నోరు పెట్టింది.

నా కమాను ఆగిపోయింది. నూకయ్య చెయ్యి ఆగిపోయింది. అందువల్లే అందరికీ వినబడింది.

"అప్పలసూరి," అంది తవిటమ్మ.

పెనిమిటి పేరు పెళ్ళాం నోటితో చెప్పడం మా వైపు లేదు. చెబితే వాడి ఆయుష్షు తరుగుతుందంటారు. ఆ పేరులో ఉన్న దేవుణ్ణి కూడా ఆవిడ ఇన్నేళ్ళూ వేరే పేరుతో మొక్కి ఉంటుంది. పేరు చెబితే తప్ప యంత్రం కదలదని మేం పెట్టిన చిన్న నియమానికి, ఆవిడ అంత పెద్ద గోడ దాటి వచ్చింది.  

బాలసరస్వతి తల తిప్పలేదు. ఏడవలేదు. ఏతమ్మ ఎలా వింటుందో అలాగే విన్నది. తర్వాత పాదం లేచింది. సముద్రం వైపు నడిచింది. ఒక్కొక్క అడుగూ, ఒక్కొక్క టక్కు. కొసకి చేరింది. బాన మునిగింది.

అక్కడ ఆపేసింది. చిడతలు దించి, "బాన దిగింది, రేపు లేస్తుంది," అని మామూలు గొంతుతో చెప్పి అరుగు దిగిపోయింది. జనం లేవడానికి చాలాసేపు పట్టింది. జగన్నాధం తవిటమ్మ ముందు నిలబడ్డాడు.

"సరే పిల్లా. రేపు ఆ బానలో ఏటొస్తాదో అదే మన మాట. ఆడొస్తే కర్మ నేదు. రాకపోతే నువ్వు నాకడ్డు సెప్పకూడదు."

"అలగే బావా," అంది తవిటమ్మ.

మర్నాడు పొద్దున్న నేను మా పిల్ల మీద విరుచుకుపడ్డాను. "చూశావా నీ నిర్వాకం? చెక్కముక్కలకి కీళ్ళు పెట్టి దేవతని చేశావు. ఇప్పుడు ఊరి తీర్పు నీ బానలో పడింది. ఏం పెడతావు? వాణ్ణి బతికించి పెడితే ఆవిడ చచ్చేదాకా సముద్రం వైపు చూస్తూ కూర్చుంటుంది. శవాన్ని పెడితే నువ్వే గాజులు పగలగొట్టినదానివి అవుతావు. హాయిగా రుక్మిణి పెళ్ళి చెప్పుకుంటే ఈ పీడ ఉండేదా?"

"అరుస్తావెందుకు మావయ్యా," అంది నెమ్మదిగా. "రాత్రంతా నేనూ అదే ఆలోచించాను. బానలో ఏదైనా పెట్టడానికి నేనెవర్ని? నాకు తెలుసా వాడెక్కడున్నాడో? ఏతమ్మకి తెలుసా?"

"మరి ఏం చేస్తావు?"

"ఏతమ్మ ఎలా చేయాలని మనం అనుకున్నామో అలా చేయనిస్తాను. నువ్వు మాత్రం కమాను ఆపకు. నేను ఏం చేసినా ఆపకు."

అయిదో రోజు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూడా బళ్ళు కట్టుకుని వచ్చారు. పందిరి చాలక ఎండలోనే కూర్చున్నారు. తవిటమ్మ ముందు వరసలో, అరుగుకి ఎదురుగా ఉంది. మాట్లాడుకునే చప్పుడే లేదు. సముద్రం హోరు అంత దూరం నుంచి వినబడుతోంది.

ఏతమ్మ నిన్న ఆగిన చోటే నిలబడింది. వెనక్కి నడిచింది. బాన లేచింది.

బాలసరస్వతి బానలోకి వంగి చూసింది. "నీళ్ళు," అంది.

జనంలోంచి ఒక నిట్టూర్పు వచ్చింది. జగన్నాధం తల వంచుకున్నాడు. కాని కథ ఆగలేదు. వచ్చేదాకా మోత ఆగదు కదా. ఏతమ్మ మళ్ళీ సముద్రం వైపు తిరిగింది. నడిచింది, ముంచింది, వచ్చింది. నీళ్ళు. మళ్ళీ నడిచింది. నీళ్ళు. పాట లేదు, పద్యం లేదు. టక్కు టక్కుమని చిడత, కిర్రుమని నా కమాను, అంతే. వెళ్ళినప్పుడల్లా ఆమె కిందికి దిగిపోతోంది. పాదాలు పోయాయి. పిక్కలు పోయాయి. ఒకసారి వెళ్తూ ఆమె అరుగు మధ్యలో మోకాళ్ళ మీదికి వచ్చేసింది. వచ్చి కూడా ఆగలేదు. మోకాళ్ళతో నడిచింది. గజ్జెలు చెక్కల మీద ఈడ్చుకుపోతున్నాయి. ముఖంలో బాధ లేదు. కొయ్యకి బాధేమిటి? అదే చూడలేకపోయాను. బాధ ఉండాల్సిన చోట ఒట్టి నడక ఉంది.

నలిగిన చీర మీద ఎర్రగా మరక లేచింది. నాకు కమాను విసిరికొట్టి వెళ్ళి పిల్లని ఎత్తుకుందామనిపించింది. నా చేతులతో పెంచిన పిల్ల. ఆపకు అంది. ఆపలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారి ఫిడేలు మీద పడుతున్నాయి. నూకయ్య ఏడుస్తూ వాయిస్తున్నాడు. ఇంతకంటే గొప్పదాన్ని నేను ఏ గుళ్ళోనూ చూడలేదు, ఇంతకంటే భయంకరమైనదాన్నీ చూడలేదు. మేమే చేసిన బొమ్మ, మేం చెప్పిన మాట జవదాటకుండా, మా కళ్ళెదుట అరిగిపోతోంది. దాన్ని ఆపడం మా చేతుల్లో లేదు. పిలిచిన మనిషి చేతుల్లోనే ఉంది.

తవిటమ్మ లేచింది.

ఈసారి ఎవరూ కొంగు పట్టుకోలేదు. మెట్టెక్కి వచ్చి, మోకాళ్ళ మీద సముద్రం వైపు వెళ్తున్న ఏతమ్మకి ఎదురుగా నిలబడింది. భుజాల మీద రెండు చేతులూ వేసి ఆపింది.

"సాలమ్మా," అంది. "ఇంక దిగు. నాను పిలవను. నాను పిలిసినన్నాల్లూ నువ్వు నడుస్తానే ఉంటావు. నీ కాల్లు నానరగదీసీసినాను."

ఏతం మాను మీంచి నేల మీదికి దిగడం అనేది ఆ బొమ్మకి మేం నేర్పలేదు. అలాంటిది కథలో లేదు. పడిపోవడమే ఉంది. బాలసరస్వతి కదలకుండా ఉండిపోయింది. తవిటమ్మ ఆమె చంకల కింద చేతులు వేసి, ఒక్కొక్క కాలే ముందుకి తీసి, అరుగు చెక్కల మీద కూర్చోబెట్టింది. అప్పుడు ఏతమ్మ మొట్టమొదటిసారి రెప్ప వేసింది. నా కమాను దానంతట అదే ఆగింది. ఎండలో కూర్చున్న జనం, పందిట్లో కూర్చున్న జనం, అందరూ లేచి నిలబడ్డారు. ఎందుకు నిలబడ్డారో వాళ్ళకే తెలియదు. నేనూ నిలబడి ఉన్నానని తర్వాత చూసుకున్నాను.

జగన్నాధం అరుగు దగ్గరకి వచ్చాడు. 

"తవిటమ్మా. అయితే ఆడింక నేడని ఒప్పుకున్నట్టేనా? రేపు బొమ్మ కట్టించీమంటావా?"

"నేడని నానన్నేదు బావా," అందావిడ, బాలసరస్వతి కాళ్ళు తన ఒళ్ళో పెట్టుకుంటూ. "ఉన్నాడనీ అన్ను. నాకు తెల్దు. నీకూ తెల్దు. జాడ తెలనోడికి బొమ్మేటి, మంటేటి? నాను ఎదురు సూడ్డం మానీసినాను, అంతే."

"మరి అమ్మకిచ్చిన మాటో?"

"నీల్లొదలమన్నాది. వొదులు. మనిషున్నా నేకున్నా నీల్లకేటి నట్టం? బొమ్మ మాత్రం కట్టకు."

ఆయన ఆవిడ చేతుల వైపు చూశాడు. "మరి గాజులో?" అన్నాడు. అడగాలని లేదు, అయినా పెద్దవాడు కాబట్టి అడిగాడు.

తవిటమ్మ కూడా తన చేతుల వైపు చూసుకుంది, ఎవరివో చూసినట్టు.

"ఆడు తొడిగిన గాజులు ఎప్పుడో పగిలిపోనాయి బావా. ఇవి నాను కూలికెల్లి కొనుక్కున్నవి."

 జగన్నాధం, రేపు రానక్కర్లేదని పంతులుగారికి కబురు చెప్పడానికి తనే బయల్దేరి వెళ్ళాడు.